మొండి ప్లేటు

మొండి ప్లేటు చాపెల్లో రెండో బెంచీ కింద దొరికింది. చుట్టూ ఎర్రగా, నీలంగా గాజు పెంకులు. పైన కిటికీ రంగుటద్దం మీది బొమ్మలో కాపరి ఎప్పటిలాగే నిలబడి ఉన్నాడు. ఆయన భుజం మీది గొర్రెపిల్లకి మాత్రం తలకాయ లేదు. ఆ తలకాయ ఉండాల్సిన చోటి నుంచి నంద్యాల మార్చి ఎండ నేరుగా లోపలికొచ్చి బెంచీ మీద పడుతోంది.

శాంసన్ వంగి ప్లేటు చేతిలోకి తీసుకున్నాడు. నారింజ రంగు, గట్టి ప్లాస్టిక్కు, విసిరి ఆడే రకం, అంచు మీద కొత్తగా పడిన గీత. ఇంకా ఎవరూ ఏమీ అడగకముందే అతని గుండెల్లో రాయి పడింది. ఈ బడిలో డ్రిల్లు మాస్టరు అతనే. ఆటసామాన్ల గది తాళంచెవి ఉండేది అతని జేబులోనే. ఆదివారం సాయంత్రాలు ఈ ప్లేట్లు విసిరే గుంపుని పోగేసిందీ అతనే. ఇంకెవరు విసిరారో అని ఎవరైనా బుర్ర ఎందుకు పాడుచేసుకుంటారు?

"చూస్తాండావా మాస్టరూ," అన్నాడు పరంజ్యోతి అయ్యగారు. ఆయన పాస్టరూ, బడికి కరస్పాండెంటూ. "ఈ అద్దాన్ని పాతకాలపు దొరలు ఓడలో తెప్పించినారు. మా నాయన దీని ఎదురుగానే బాప్తిస్మం తీసుకున్నాడు. ఇట్లాంటిది ఇప్పుడు యాడ దొరుకుతాదో నువ్వే చెప్పు."

"నేను విసర్లేదు అయ్యగారూ."

"నువ్వు విసిరినావని నేనన్నానా?"

అదే వచ్చిన చిక్కు. అన్నాడంటే కాదని వాదించొచ్చు. అనని మాటకి జవాబు ఎక్కణ్ణుంచి తేవాలి? ఆరేళ్లుగా టెంపరరీ మాస్టరుగా ఉన్న శాంసన్‌ని పర్మినెంటు చేసే ఆర్డరు అయ్యగారి సంతకం కోసం ఆఫీసులో కూర్చుని ఉంది. ప్లేటు చాపెల్లో పడిన ఆ మధ్యాహ్నం శాంసన్ ఆ సంగతి కనుక్కోడానికే గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడే వస్తాలే అని ఆటసామాన్ల గదికి తాళం కూడా వేయలేదు; ఆఫీసులో ఉన్నానని చెప్పుకున్నా ఆ తప్పు తన మెడకే. తిరిగొచ్చేసరికి గోడ మేకుకి వేలాడే వలసంచిలో అయిదింటికి నాలుగు ప్లేట్లే ఉన్నాయి. భార్య మేరీ తెచ్చిన అన్నం క్యారియరు రోజూ ఉండే బల్ల మీద కాకుండా గడప పక్కన నేల మీద ఉంది. ఏదో తొందర్లో పెట్టిపోయింటుందిలే అనుకున్నాడు. అప్పటికే చాపెల్ దగ్గర కేకలు మొదలయ్యాయి.

ఆ పూట క్యారియరు విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాడు.

*

మర్నాడు పొద్దున్నే అయ్యగారూ, ఇద్దరు సంఘపెద్దలూ, లెక్కల మాస్టరు హరీ మైదానంలోకొచ్చి నిలబడ్డారు. రమ్మన్నది శాంసనే. రాత్రంతా పడుకుని లేచి పడుకుని, చివరికి తన మీది మచ్చ తుడుచుకునే దారి ఆ ప్లేటులోనే ఉందని కనిపెట్టాడు. ఆ సంబరంలో కాఫీ కూడా తాగకుండా వచ్చాడు.

ఈ ఆటని అయిదారేళ్ల కింద ఇంగ్లీషు చెప్పడానికొచ్చిన ఒక కుర్ర దొర నేర్పి పోయాడు. గోల్ఫు లాంటిదే. కర్రా బంతీ బదులు ప్లేటు, గుంత బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. బుట్టని ఊళ్లో వెల్డింగు షాపులో సైకిలు రిమ్ములతో, పాత చైన్లతో చేయించారు. నీళ్ల ట్యాంకు వెనక పరిచిన బేతంచెర్ల బండ మీద నిలబడి విసరాలి. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడు గెలిచినట్టు. దొర ప్రతి ప్లేటుకీ ఒక పేరు చెప్పాడు. నారింజ రంగుదాన్ని ఫెయిర్‌వే డ్రైవర్ అన్నాడు, అందులోనూ ఓవర్‌స్టేబుల్ రకం అన్నాడు. ఆ మాటలు మనవాళ్ల నోళ్లలో నిలవలేదు. దూరం పోతుంది, చెప్పిన మాట మాత్రం వినదు కాబట్టి దానికి మొండిది అని పేరు పడింది.

"అయ్యగారూ, ఇదో చూడండి. ఇది బండ. ఎదురుగా ఆ చివర యాపచెట్టు కింద బుట్ట. కుడిపక్క చాపెల్, ఎడంపక్క హాస్టలు వంటిల్లు. నిన్న విసిరినోడు ఈ బండ మీద నుంచే విసిరింటాడు."

"అదెట్లా చెప్తావు?" అన్నాడు హరి. లెక్కల మాస్టరు కదా, రుజువు లేకుండా తన పేరు కూడా ఒప్పుకోడు.

"కిటికీకి ఎదురుగా నిలబడి విసరల్లంటే ఆఫీసు వరండాలో నిలబడల్ల. నిన్న ఆ టైములో వరండాలో నేనుండా, గుమాస్తా ఉండాడు, ప్యూను ఉండాడు. ఎవరికీ కనపడకుండా విసిరే చోటు ఈ ట్యాంకు వెనకాలే."

శాంసన్ కాళ్లు ఎడంగా పెట్టి, ప్లేటుని ఎడమ రొమ్ము దాకా లాగి, కుడిచేత్తో విసిరాడు. అది చాలాదూరం గీత గీసినట్టు తిన్నగా పోయింది. వేగం తగ్గగానే ఎవరో చెవి పట్టుకు లాగినట్టు ఎడమకి వంగి, వంటింటి గోడ దగ్గర నేలకి కొట్టుకుంది. మళ్లీ విసిరాడు. కుడివైపుకి వంచి విసిరాడు, కిందగా విసిరాడు, పైకెత్తి విసిరాడు. ఎట్లా పోయినా చివరికి దాని మూతి ఎడమకే తిరిగింది. ప్లేటు తెచ్చివ్వడానికి ప్యూను వంటింటి దగ్గరే కాపురం పెట్టాల్సొచ్చింది.

"గాలికి కుడికి తిరిగిందేమో," అన్నాడు హరి.

"నీలం ప్లేటైతే తిరుగుతాది సార్. అది మెతకది. ఎదురుగాలి తగిలితే కుడికి పొర్లుతాది. మొండిది గాలికి లొంగదు. ఎదురుగాలైనా ఆఖరికి ఎడమకే వంగుతాది."

రెండూ విసిరి చూపించాడు. నీలం ప్లేటు గాలికి కుడివైపు పొర్లి చాపెల్ మెట్ల దాకా పోయింది. మొండిది మాత్రం మళ్లీ వంటింటికే పోయింది. పెద్దలు ముఖముఖాలు చూసుకున్నారు. శాంసన్‌కి లోపల పొంగొచ్చింది. బళ్లో ఇంతమంది ఇంత శ్రద్ధగా తన మాట వినడం అదే మొదలు.

"కుడిచెయ్యోడు ఎవడు విసిరినా ఇది చాపెల్ పక్కకి పోదు అయ్యగారూ. అడ్డచేత్తో విసిరితే కుడికి పోతాదని దొర చెప్పినాడు గానీ, ఆ పద్ధతి ఈడ ఎవరికీ రాలేదు. కుడికి వంగి ఆ అద్దానికి తగలల్లంటే విసిరినోడిది ఎడంచెయ్యి అయ్యుండల్ల."

మాట పూర్తయిందో లేదో అందరి తలకాయలూ గేటు వైపు తిరిగాయి.

గేటు దగ్గర స్టూలు మీద వాచ్‌మన్ యోబు కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఎడంచేత్తోనే. గంట కొట్టేది ఎడంచేత్తో, తాళం తీసేది ఎడంచేత్తో, ఆఖరికి అయ్యగారికి సలాం కొట్టేదీ ఎడంచేత్తోనే. దానికి ఎన్నోసార్లు తిట్లు తిన్నాడు. నవ్వి ఊరుకునేవాడు, మళ్లీ ఎడంచేత్తోనే సలాం కొట్టేవాడు. ఎడంచేతివాళ్లని వెతకాలంటే కాంపౌండులో రెండో మనిషి ఎవరికీ గుర్తుకు రాలేదు.

శాంసన్‌కి మాత్రం ఒక్క క్షణం, ఇది నేననుకున్నది కాదే అనిపించింది. ఆ సంగతి పైకి అనుండొచ్చు. అనలేదు. చూపులన్నీ తన మీద నుంచి తప్పుకున్నాయన్న సుఖం ఆ మాటకి అడ్డం పడింది.

యోబుని పిలిచారు. ప్లేటు చేతికిచ్చి విసరమన్నారు. అతను దాన్ని అన్నం తట్ట పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, "నాకు రాదు సామీ, ఈ భుజం విసిరేదానికి తిరగదు," అన్నాడు. అయినా విసరమన్నారు. అది పదడుగుల దూరంలో పెనం మీద నుంచి దోసె జారినట్టు జారిపడింది.

"నటిస్తాండాడు," అన్నాడు ఒక సంఘపెద్ద.

"అయ్యా, నేను ఆ గుడి దగ్గరే పండుకుంటా. దాన్నెందుకు పగలకొడతాను?"

అయ్యగారు చాలాసేపు చాపెల్ వైపు చూశాడు. కిటికీకి ప్యూను బిస్కట్ల పెట్టె అట్ట అంటించాడు. గొర్రెపిల్ల మెడ దగ్గర నుంచి 'గ్లూకో' అన్న అక్షరాలు కనపడుతున్నాయి. అది చూడగానే ఆయన మనసు గట్టిపడిపోయినట్టుంది.

"రేపట్నుంచి రావాకు యోబూ. తాళాలు ఇచ్చేసి పో."

యోబు నడుముకున్న తాళాల గుత్తి విప్పి ఎడంచేత్తో ఇవ్వబోయాడు.

"కుడిచేత్తో ఇయ్యి," అన్నాడు అయ్యగారు.

యోబు గుత్తిని కుడిచేతిలోకి మార్చుకుని ఇచ్చాడు. ఇచ్చి, శాంసన్ వంక చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఎండన పడి నీళ్లడిగినవాడు చూసినట్టు చూశాడు.

*

ఆ సాయంత్రం ఇంట్లో మేరీ విషయమంతా విని, "యోబన్ననా?" అంది. రెండుసార్లు అంది. తర్వాత అన్నం వడ్డిస్తూ మళ్లీ అడిగింది. "భుజం తిరగదని అన్న చెప్తాండ్లా? ఎట్లా నమ్మరు?"

"నాకేం తెల్సు? నేను ఆయప్ప పేరు చెప్పలేదు. ఎడంచెయ్యి అని మాత్రమే అన్నా."

"అంతే అన్నావా?"

ఆ అడగడంలో ఏదో ముల్లుంది. తన తరఫున సంతోషపడాల్సిన మనిషి వాచ్‌మన్‌ని వెనకేసుకొస్తుందేమిటని శాంసన్‌కి మంటెత్తింది. ఈమెకి ఏదో తెలిసింటుందా అని కూడా అనిపించింది. క్యారియరు తెచ్చినప్పుడు ఎవరినైనా చూసిందేమో. అడిగితే లేదంది. లేదనేటప్పుడు చారు గిన్నె వైపు చూసింది. శాంసన్ దాన్ని మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

ఆదివారం ఆరాధనకి పోయాడన్న మాటే గానీ, ఒక్క మాట చెవికెక్కలేదు. యోబు విసుర్ని అతను కళ్లారా చూశాడు. నటన అట్లా ఉండదు. ప్లేటు చేతినుంచి జారేటప్పుడు వేళ్లు చేసే పనిని ఎవడూ నటించలేడు. మరయితే ఇంకో ఎడంచెయ్యి ఈ సంఘంలోనే ఎక్కడో ఉంది. ఆ రోజు ప్రభురాత్రి భోజనం. అందరూ వరసగా బల్ల దగ్గరికొచ్చి రొట్టె కోసం చేతులు చాపుతున్నారు. అందరూ తలలు వంచుకున్న చోట శాంసన్ ఒక్కడే మెడ చాపి చేతులు చూస్తున్నాడు. కుడిచెయ్యి, కుడిచెయ్యి, కుడిచెయ్యి. బయట వందనాలు చెప్పుకునేటప్పుడూ కుడిచేతులే. హరి సుద్దముక్క పట్టే చెయ్యి కుడిది. గుమాస్తా చెమట తుడుచుకునే చెయ్యి ఏదని వెంటపడి చూశాడు, ఆయన జేబుదొంగని చూసినట్టు చూసి పర్సు తడుముకున్నాడు.

తినేది, ఇచ్చేది, పుచ్చుకునేది, దండం పెట్టేది, మన దేశంలో ఇవన్నీ కుడిచేతి పనులు. చిన్నప్పుడే కొట్టో తిట్టో అందరినీ కుడికి తిప్పేస్తారు. ఇక పుర్రచేతివాటం బయటపడాలంటే మనిషి ఏమరుపాటుగా ఉన్నప్పుడు చూడాలి. దోమని కొట్టేటప్పుడు, జారేదాన్ని పట్టుకునేటప్పుడు. ఈ సంగతి తట్టగానే శాంసన్‌కి ఒక మనిషి గుర్తొచ్చాడు. సురేంద్ర. ప్లేట్ల గుంపులో ఉండేవాడు. ఆటలో అందరిలా కుడిచేత్తోనే విసిరేవాడు గానీ, బుట్ట నేలలో పాతేటప్పుడు సుత్తి ఎడంచేత్తో పట్టాడు. నిరుడు ఆటలో మాటా మాటా పెరిగి, మీ ఆటా వద్దు మీరూ వద్దని ఆళ్లగడ్డ పోయి అక్కడ శిల్పాల షెడ్డులో పనికి కుదిరాడు. కక్ష ఉన్న మనిషి. ఇంకేం కావాలి?

*

సోమవారం సెలవు పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాడు. శిరివెళ్ల దగ్గర మిరప బస్తాల ట్రాక్టరొకటి అడ్డం పడి బస్సు చాలాసేపు ఆగిపోయింది. కిటికీలోంచి దిగేవాళ్ల చేతులూ, ఎక్కేవాళ్ల చేతులూ చూస్తూ కూర్చున్నాడు. అదొక జబ్బులా పట్టుకుంది.

షెడ్డులో రాతిపొడి మంచులా పేరుకుని ఉంది. సగం చెక్కిన నంది పక్కన సురేంద్ర కూర్చుని కొడుతున్నాడు. సుత్తి ఎడంచేతిలోనే ఉంది. శాంసన్ కడుపు చల్లబడింది.

"రా సార్, ఇట్లొచ్చినావేం?" అన్నాడు సురేంద్ర, పాత గొడవ ఏమీ గుర్తులేనట్టు.

శాంసన్ ఆ మాటా ఈ మాటా చెప్పి, మెల్లిగా మొన్న శుక్రవారం నంద్యాల వచ్చావా అని అడిగాడు. సురేంద్ర సుత్తి పక్కన పెట్టాడు. విషయమంతా బయటికి లాగేదాకా ఊరుకోలేదు. విన్నాక పడిపడి నవ్వాడు. షెడ్డులో మిగతా ఉలులు కూడా ఆగాయి.

"పుర్రచెయ్యి ఉండే ప్రతి ఊరికీ బస్సెక్కి పోతావా సార్? శుక్రారం పొద్దంతా ఈణ్ణే లారీకి ద్వారపాలకుల్ని ఎక్కిస్తాంటి. వీళ్లందర్నీ అడుగు." నవ్వు ఆపుకుని మళ్లీ అన్నాడు. "అయినా నువ్వు చెప్పినావుగానీ, నీకే తెలీకపాయెనా? నేను ఎడంచేత్తో మొండిదాన్ని విసిరితే అది చాపెల్ దగ్గర వంగుతాదా? చాపెల్ దాటి, పాయఖానాలు దాటి, అప్పుడు వంగుతాది. గట్టిగా విసిరినోడిది ఆఖర్లో వంగుతాది. మెల్లగా విసిరినోడిది అప్పుడే వంగుతాది. చాపెల్ కిటికీ బండకి ఎంత దూరం? కొత్తోడు విసిరింటాడు సార్. చేతిలో బలం లేనోడు. మొదటిసారి విసిరినోడు."

నిజమే. ఇన్నేళ్లుగా ఆ ప్లేటుని చూస్తున్నవాడికి ఆ సంగతి తట్టకపోవడమేమిటి? ఏ చెయ్యో తెలియగానే దాన్ని పట్టుకుని ఊరేగాడు గానీ, ఎంత బలమో చూడలేదు. తలకాయ తీసేసినట్టయింది.

ఆ ఊళ్లోనే అత్తగారిల్లు. భోజనం వేళకి వెళ్లకపోతే దానమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. ఆమె అల్లుడి కోసం కోడిగుడ్ల పులుసు పెట్టి, జొన్నరొట్టె తడుతూ కూర్చుంది. శాంసన్ కళ్లు అలవాటుగా ఆమె చేతుల మీదికి పోయాయి.

"ఏంది నాయనా, నా చేతుల్నే చూస్తాండావు? గాజులు చేయిస్తావా ఏంది?"

శాంసన్ నవ్వి, జరిగింది చెప్పాడు. వాచ్‌మన్‌ని తీసేసిన సంగతీ చెప్పాడు. దానమ్మ రొట్టె తిప్పుతూ నిట్టూర్చింది.

"పాపం, ఎవురి బిడ్డో. ఎడంచెయ్యైతే ఏం, చెయ్యి కాదా? మా మేరీకి చిన్నప్పుడు అదే ఉండె. ఏం చేసినా ఆ చేత్తోనే. అన్నం తినేది ఆ చేత్తోనే, రాళ్లేసి చింతకాయలు రాల్చేది ఆ చేత్తోనే. రేపు ఎవురింటికన్నా పోతే మన పరువు పోతాదని మీ మామ అట్లకాడ కాల్చి మణికట్టు మీద వాత పెట్టినాడు. అంతే. మల్లా ఆ చెయ్యి బయటికి తీయలేదు. ఆ మచ్చ ఇప్పుడు కూడా ఉంటాది చూడు."

శాంసన్ తుంచిన రొట్టె మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు.

ఆ మచ్చ అతనికి తెలుసు. వడలు వేసేటప్పుడు నూనె చిందిందని చెప్పింది మేరీ, పెళ్లైన కొత్తలో. ఇన్నేళ్లూ అతను అదే నమ్మాడు. రొట్టె ఇచ్చే అయ్యగారి చేతి దగ్గర నుంచి గుమాస్తా చెమట దాకా నంద్యాలలో ప్రతి చెయ్యీ చూశాడు. రోజుకి మూడుపూటలా తనకి అన్నం పెట్టే చేతుల్ని ఒక్కసారి కూడా చూడలేదు.

గడప పక్కన నేల మీద పెట్టిన క్యారియరు అప్పుడు గుర్తొచ్చింది.

*

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మేరీ వాకిట్లో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. కుడిచేత్తోనే తుంచుతోంది. బస్సులో దారిపొడుగునా శాంసన్ తనకి తాను చెప్పుకున్నాడు, నేరుగా అడుగుదామని. తీరా ముందుకొచ్చేసరికి అడగబుద్ధి కాలేదు. అనుమానం అలవాటైన మనిషికి మాట కంటే కళ్ల మీదే నమ్మకం. అత్తగారు ఇచ్చిన సంచిలోంచి ఒక నిమ్మకాయ తీశాడు.

"మేరీ, పట్టు," అంటూనే విసిరేశాడు.

ఆమె తలెత్తింది. ఎడంచెయ్యి గాల్లోకి లేచి నిమ్మకాయని తేలిగ్గా, చెట్టుమీంచి కోసుకున్నట్టు పట్టుకుంది. చీర కొంగు జరిగి మణికట్టు మీది మచ్చ కనపడింది.

ఇద్దరూ ఆ చెయ్యి వంకే చూశారు. కాసేపటికి ఆమె దాన్ని ఒళ్లోకి దించుకుని, నిమ్మకాయని ఆకులో పెట్టింది.

"మాయమ్మ చెప్పిందా?"

"ఊఁ."

"నేనే విసిరినా," అంది. "క్యారియరు పెట్టేదానికి పోయినా. గదిలో ఎవరూ లేరు. అది మేకుకుండే వలసంచిలో కనపడతాంది. ఆదివారాలు మీరు ఆడేది గోడ పక్కనుంచి చూస్తాంటి కదా. ఒక్కసారి విసిరి చూద్దామనిపించింది. కుడిచేత్తోనే పట్టుకున్నా మొదట. బండ మీదికి పోయినాక ఎందుకో... చెయ్యి మారింది."

శాంసన్ చేతిలోని సంచి కింద పెట్టాడు.

"అది చేతిలోంచి పోయేటప్పుడు ఎంత బాగుండిందో నీకు చెప్పలేనయ్యా. పక్షి పోయినట్టు పోయింది. అంతలోకే ఎవరో లాగినట్టు కుడికి తిరిగింది. అద్దం పగిలిన సప్పుడు విని పరిగెత్తుకొచ్చేసినా. సాయంత్రం నీకు చెప్దామనుకున్నా. నువ్వు ఇంటికొచ్చి, నా ఆర్డరు పాయె నా ఆర్డరు పాయె అని తల పట్టుకుంటివి. నోరు రాలేదు. తెల్లారేసరికి నువ్వే ఎడంచేతోళ్ల మీద పంచాయితీ పెట్టినావు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. శాంసన్ కొంగొత్తగా లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"ఎవురికీ తెలీదు. మీయమ్మకి కూడా తెలీదు, ఏదో మాటవరసకి చెప్పింది. గురువారం అయ్యగారు సంతకం పెడతానన్నాడు. యోబుకి నేను వేరే యాడన్నా చూస్తా. రైసుమిల్లులో తెలిసినోళ్లుండారు."

"ఆయన తప్పు చేసిండాడని అందరూ అనుకుంటానే ఉండాల్నా?"

"కొన్నాళ్లకి మర్చిపోతారు."

మేరీ మణికట్టు మీది మచ్చని బొటనవేలితో రుద్దుకుంది. "ఇట్లాటివి మర్చిపోయేది పెట్టినోళ్లే," అంది. "నేను రేపు పోయి అయ్యగారికి చెప్తా. నువ్వు వచ్చినా సరే, రాకపోయినా సరే."

ఆమె అంత గట్టిగా మాట్లాడటం అతనెప్పుడూ వినలేదు. కోపమొచ్చింది. భయమేసింది. ఆ రెంటి కిందా ఎక్కడో, ఇన్నేళ్లు ఒక మనిషిలో సగాన్నే పెళ్లాడినట్టు సిగ్గు కూడా వేసింది. గోంగూర పుల్లలు ఏరుతూ ఆమె పక్కన కూర్చున్నాడు. వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు.

*

మంగళవారం ప్రార్థన గంట కొత్త మనిషెవరో కొట్టాడు. లయ లేదు. యోబు చాపా స్టవ్వూ తీసుకుపోవడానికొచ్చి గేటు బయట నిలబడి ఉన్నాడు. లోపలికి రావచ్చో లేదో అతనికి తెలియలేదు.

అయ్యగారు చాపెల్ మెట్ల దగ్గర, హరీ ఒక సంఘపెద్దా పక్కనుండగా, మేరీ చెప్పిందంతా నిలబడే విన్నాడు. విని, శాంసన్ వైపు తిరిగాడు.

"వాచ్‌మన్ మీద జాలితో పెండ్లాన్ని తెచ్చి నిలబెట్టినావా మాస్టరూ? ఈయమ్మ కుడిచేత్తో రొట్టె తీసుకునేది నేను ఆదివారం ఆదివారం చూస్తాండా. మా ఇంట్లో పెండ్లికి వడ్డించింది. ఎడంచెయ్యి అంట!"

"కుడిచెయ్యి నేర్పిచ్చినారు అయ్యగారూ," అంది మేరీ. "అది నేర్చుకున్న చెయ్యి. ఇది పుట్టిన చెయ్యి."

హరి నవ్వాడు. సంఘపెద్ద దగ్గాడు. శాంసన్ చూశాడు. ఇప్పుడు కూడా మాట మార్చొచ్చు. అవును అయ్యగారూ, జాలికొద్దీ ఏదో చెప్తాంది అంటే చాలు. గురువారం సంతకం పడిపోతుంది. అందరూ ఆ మాటే వినాలని ఎదురుచూస్తున్నారు కూడా. అతను ఆటసామాన్ల గదిలోకి పోయాడు. మొండి ప్లేటు తీసుకొచ్చి మేరీ ముందు పెట్టాడు.

"విసిరి చూపిచ్చు మే," అన్నాడు.

బండ మీదికి ఆమె చెప్పులు విడిచి ఎక్కింది. కొంగు దోపుకుంది. ప్లేటు ఎడంచేతిలోకి తీసుకుంది. ఎవరూ నేర్పకుండానే వేళ్లు అంచు కింద సర్దుకున్నాయి. అది చూసే శాంసన్‌కి మిగిలిన పిసరంత అనుమానం కూడా పోయింది. ఆమె కుడి రొమ్ము దాకా లాగి వదిలింది. ప్లేటు నేలకి మనిషెత్తులో కొంచెం దూరం తిన్నగా పోయింది. వేగం లేదు. అంతలోనే మొండిది తన బుద్ధి చూపించింది. చటుక్కున కుడికి వంగింది, ఇంకా వంగింది, నేరుగా పోయి చాపెల్ కిటికీలోని బిస్కట్ల అట్టకి తగిలింది. అట్ట ఊడి లోపల పడిపోయింది. దాని వెంటే ప్లేటు కూడా.

హరి నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

అయ్యగారు చేతిలోని తాళాల గుత్తిని ఒకసారి చూసుకున్నాడు. "యోబుని లోపలికి రమ్మను," అన్నాడు ప్యూనుతో. ఇంకాసేపటికి, శాంసన్ ముఖం చూడకుండా, "ఆ ఆర్డరు సంగతి ఈ సంవత్సరానికి మర్చిపో మాస్టరూ. కమిటీకి నేనేం చెప్పుకోవాల? అద్దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పల్ల కదా," అన్నాడు.

"చెప్తాం అయ్యగారూ," అన్నాడు శాంసన్. అన్నాక చూసుకుంటే గుండె బరువుగానే ఉంది. ఇంకో ఏడాది అందరి ముందూ చేతులు కట్టుకోవాలి. ఆ బాధ నిజమే. కానీ శుక్రవారం నుంచి కంట్లో నలుసులా గుచ్చుతున్నదేదో లేదు.

యోబు వచ్చాడు. అయ్యగారు గుత్తి ఇవ్వబోయాడు. యోబు ఎడంచెయ్యి ముందుకొచ్చి, మధ్యలో ఆగి, వెనక్కి పోయింది. కుడిచేత్తో తీసుకున్నాడు. కుడిచేత్తోనే సలాం కొట్టాడు. అలవాటు లేక ఆ సలాం చెవి పక్కకి పోయింది. అది చూసి శాంసన్‌ చూపు తిప్పుకున్నాడు. "తప్పయింది యోబన్నా," అన్నాడు. యోబు తల ఊపి గంట వైపు పోయాడు.

శాంసన్ చాపెల్లోకి పోయి బెంచీ కింద నుంచి ప్లేటు తీసి, దుమ్ము తుడుచుకుంటూ బండ దగ్గరికొచ్చాడు. మేరీ చెప్పులేసుకుని ఇంటికి పోవడానికి సిద్ధంగా ఉంది. అతను ప్లేటుని ఆమెకి అందించబోయాడు.

"నాకెందుకు?" అంది.

"ఆదివారం వస్తావు కదా. దగ్గర పెట్టుకో."

ఆమె అటూ ఇటూ చూసింది. అయ్యగారు ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. కుడిచెయ్యి చాపింది. శాంసన్ ప్లేటు వదల్లేదు. ఆమె లాగింది, అయినా వదల్లేదు. అలాగే పట్టుకుని, ఆమె రెండో చెయ్యి ముందుకొచ్చేదాకా ఎండలో నిలబడ్డాడు.